మమ్మల్ని నమ్మని వకీలు

నాగర్‌కర్నూల్లో బట్టల దుకాణం ఉన్న ఒకాయన మొన్న గద్వాల బస్టాండులో కలిశాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మీ వకీలు సాబు పోయిండట గదా" అన్నాడు. అయ్యో అనాల్సిన చోట నేను, "నువ్వు చూసినవా, ఎవరన్న చెప్తే విన్నవా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చావు కబురు తెచ్చినవాణ్ణి బోనులో సాక్షిని నిలదీసినట్టు నిలదీస్తే ఎవరైనా అట్లాగే చూస్తారు. అడిగాక నాకే నవ్వొచ్చింది. ఆ ప్రశ్న నాది కాదు, పోయినాయనది. ఆయన దగ్గర కొన్నాళ్లు తిరిగిన పాపానికి నాకూ అంటుకుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు తన పేరు ఎవరు ఎక్కడ రాసినా ఎందుకు రాశారని ఆరా తీసేవాడు. పోయాక కూడా ఆ శ్రమ పెట్టడం ఎందుకు?

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న నల్ల షేర్వానీ, చేతిలో ఎండకీ వానకీ తెరవని గొడుగు. ఏ ఇంటికి వెళ్లినా వీపు గోడకు ఆనేట్టు కూర్చునేవాడు. చెప్పులు అందరిలా గుమ్మం దగ్గర వదిలేవాడు కాదు, తను కూర్చున్న చోటి నుంచి కనిపించేలా విడిచేవాడు. మంచినీళ్లు ఇస్తే, "ముందుగాల నువ్వు తాగు" అనేవాడు. మనం తాగి చూపించాక, తనకు దప్పిక లేదని చెంబు పక్కన పెట్టేవాడు. టైము ఎంతయిందని ఇద్దరిని అడిగేవాడు. ఇద్దరూ వేర్వేరుగా చెబితే సరే అనుకునేవాడు. ఒకటే చెబితే ముందే కూడబలుక్కున్నారేమోనని ఇద్దరి మొహాలూ చూసేవాడు. మనం మాట్లాడుతున్నంతసేపూ మన కాళ్ల వైపే ఆయన చూపు. మనిషి మొహాన్ని సముదాయించుకోగలడు గానీ కాలివేళ్లను సముదాయించుకోలేడని ఆయన సిద్ధాంతం. ఆయన ముందు నిలబడితే నా కాలివేళ్లు ఏ తప్పూ చేయకుండానే ముడుచుకునేవి.

ఇట్లాంటి మనిషితో మాకేం పని పడిందో చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఊరు కృష్ణకు ఇటువైపు నడిగడ్డలో, గద్వాల సంస్థానం కింద ఉండేది. పశువుల అంగడి అటువైపు, వనపర్తి సంస్థానంలో. మధ్యలో ఏరు. దాటాలంటే పుట్టే గతి. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో మనుషులు కూర్చునేవాళ్లు, పశువులను పగ్గాలు పట్టుకుని వెనక ఈదించేవాళ్లు. రేవును గుత్తకు పట్టినవాడు అటు ఒడ్డు ఆసామి. పుట్లూ అతడివే, తెడ్డు వేసేవాళ్లూ అతడి మనుషులే. ఆ వానాకాలం మా అన్న పెయ్యను అమ్ముకొస్తానని అంగడికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఏరు బాగా పారుతోంది. పుట్టి నడిమి ధారలో ఒరిగింది. అందరూ బయటపడ్డారు, మా అన్న తప్ప. మరునాడు దిగువన రాళ్ల మధ్య దొరికాడు.

పటేలు వచ్చి పంచనామా రాయించాడు. మా అన్న తాగి ఉన్నాడని, మైకంలో లేచి నిలబడి తనంతట తనే నీళ్లలో పడ్డాడని అందులో ఉంది. పుట్టిలో గుత్తేదారు తన ఎద్దులను కూడా ఎక్కించాడని, అవి బెదిరితేనే పుట్టి ఒరిగిందని ఊళ్లో గుసగుసలు. ఆ పుట్టిలో వచ్చినవాళ్లను అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. వాళ్లను తప్పుపట్టి ఏం లాభం? వచ్చే వారం అంగడికి పోవాలన్నా మళ్లీ అతడి పుట్టే ఎక్కాలి.

మా వదిన పెద్దగా ఏడ్చిన మనిషి కాదు. పంచనామాలో ఏం రాశారో ఎవరో చదివి చెప్పినప్పటి నుంచి ఒకటే మాట పట్టుకుంది. "నా పెనిమిటి తాగి సచ్చిండన్న కాయితం ఉండొద్దు. ఆయనను చంపినోడు రేవు మీద మీసం తిప్పుకుంట తిరుగుతుండు. నా కొడుకు పెద్దగైనంక తాగుబోతు కొడుకు అనిపించుకోవాల్నా?" మా అన్న కల్లు ముట్టని మనిషని ఊరందరికీ చెప్పింది. నేనూ అదే నమ్మాను.

వకీలును వెతకడం మొదలుపెట్టాం. గద్వాలలో ఒకాయన మా మాట మొత్తం విని, చావు అటు ఒడ్డున జరిగింది కాబట్టి అటే పొమ్మన్నాడు. వనపర్తిలో ఒకాయన, మీరు గద్వాల వాళ్లు కదా, ఇక్కడికెందుకు వచ్చారన్నాడు. ఇంకొకాయన ఒప్పుకున్నాడు. వారం తిరిగేసరికి ఒంట్లో బాగోలేదని కబురు పెట్టాడు. ఆ ఒంట్లో బాగోలేని వకీలే గుత్తేదారు ఇంట్లో పెళ్లికి పోయి బూరెలు తిన్నాడని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు నల్ల షేర్వానీ కనబడితే చాలు ఒళ్లు మండేది. నాగర్‌కర్నూల్లో ఒకడున్నాడు, వాణ్ణి ఎవరూ కొనలేరని మోటారులో పక్కన కూర్చున్నవాడు చెప్పాడు. ఎందుకు కొనలేరని అడిగాను. కొందామని వచ్చినవాణ్ణి కూడా నమ్మడట. సరదాకు చెప్పాడో, గుత్తేదారే చెప్పించాడో అని నేను దారి పొడుగునా ఆలోచించాను.

వదినను తీసుకుని నాగర్‌కర్నూలు పోయాను. ఆయన మా కథ వినకముందే నన్నడిగాడు, చచ్చినవాడు నీకేమవుతాడని. అన్న అన్నాను. భూమి ఎవరి పేరున ఉందని అడిగాడు. మా నాయన పోయాక అన్న పేరునే ఉందని చెప్పాను. ఇప్పుడు ఎవరు దున్నుతున్నారన్నాడు. నేనే కదా దున్నాలి, ఇంకెవరు దున్నుతారు? "ఓహో" అన్నాడు. ఆ ఓహో ఈనాటికీ నా చెవిలో ఉంది. అంగడి రోజు నువ్వెక్కడున్నావు, ఎవరు చూశారు, వాళ్లు నీకేమవుతారు అని వరసగా అడిగాడు. అన్న పోయిన దుఃఖంతో వచ్చినవాణ్ణి హంతకుణ్ణి చేసి కూర్చోబెట్టాడు. చివరికి నా కాళ్ల వైపు చూస్తూ అన్నాడు, "నువ్వు జర బయట అరుగు మీద కూసో. నేను మీ వదినతోని మాట్లాడాలె."

బయట కూర్చున్నాను. లోపల ఆయన గొంతు వినిపిస్తోంది గానీ మాటలు అందడం లేదు. అప్పుడప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం గట్టిగా వినబడేది: "నువ్వు చూసినవా, విన్నవా?" వదిన ఏదో చెప్పేది. మళ్లీ అదే ప్రశ్న. ఎండ అరుగు మీదికి వచ్చేదాకా అదే తంతు. బయటికి వచ్చిన వదిన నాతో ఏమీ చెప్పలేదు. ఏమడిగాడని అడిగితే, "అన్ని అడిగిండు" అంది, అంతే. ఇంటికి వచ్చేదాకా మా ఇద్దరి మధ్యా ఒక మూడో మనిషి కూర్చున్నట్టే ఉండింది.

వకాలత్‌నామా తీసుకోవడానికి ఆయన ఒక షరతు పెట్టాడు. అన్న భూమి వారసత్వం కింద అన్న కొడుకు పేరున విరాసత్ అయ్యి, ఆ పిల్లవాడికి తల్లే పెద్దదిక్కని పట్వారీ దగ్గర నమోదయ్యాకే కాగితం ముట్టుకుంటానన్నాడు. నేను ఎట్లాగూ చేయాలనుకున్న పనే అది. చేయాలనుకున్న పనిని ఎవడో నీ మీద అనుమానంతో చేయిస్తే ఎట్లా ఉంటుందో పడ్డవాడికి గానీ తెలియదు. ఆ మాటే ఆయనతో అన్నాను. "చేసెటోనివైతే చెయ్. నేను ఆపుతున్ననా?" అన్నాడు. చేశాను. కాగితం తీసుకుపోయి బల్ల మీద పడేశాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, పట్వారీ సంతకం నిజందేనా అని ఇంకొకరిని అడిగాడు. అప్పటికి గానీ మా దరఖాస్తు వనపర్తి అదాలత్‌కు చేరలేదు.

ఆ తర్వాత నాలుగైదు పేషీలకు వెళ్లాం. ఆయన నాతో కేసు సంగతి ఒక్క ముక్క కూడా చెప్పేవాడు కాదు. అదాలత్ ఆవరణలో గుత్తేదారు తరఫు వకీలుతో మాత్రం తమలపాకులు పంచుకునేవాడు. ఆకు అవతలివాడిదే అయితే ముందు వాణ్ణే నమలమనేవాడు, అది వేరే సంగతి. నాకు మాత్రం ఇద్దరూ కలిసి నవ్వడమే కనిపించేది. ఇంతలో మా ఊరి గొర్రెలకాపరి ఒకడు, మీ వకీలు అటు ఒడ్డు ఈతవనంలో గుత్తేదారు మనుషుల మధ్య కూర్చుని ఉండగా చూశానని చెప్పాడు. విన్నావా చూశావా అని అడిగాను. చూశానన్నాడు. కల్లు వాసన పడని మనిషి ఈతవనంలో ఏం చేస్తున్నట్టు? నాకిక సందేహం లేకపోయింది. ఇతణ్ణీ కొన్నారు.

వదినతో అన్నాను, ఇంకొకరిని చూద్దామని. ఆమె నా మొహం చూసి, ఎవరిని చూసినా అంతే కదా అంది. అయినా నేను ఊరుకోకుండా ఇంకో వకీలు కోసం అడుగుతూనే ఉన్నాను. ఆ సంగతి ఆయనకెట్లా తెలిసిందో, తర్వాతి పేషీలో, "దొరికిండా?" అని మాత్రం అడిగాడు.

అప్పుడొచ్చింది దీపం మాట. మా ఊరి చావడిలో రెండు ఒడ్ల పెద్దమనుషులనూ కూర్చోబెట్టి, గుత్తేదారు చాలా మంచివాడిలా మాట్లాడాడు. ఈ అదాలత్ తిరుగుడు మనకెందుకు, రేవు దగ్గరి ఆంజనేయస్వామి ముందు ఆ అమ్మ దీపం ఆర్పి చెప్పనీ, ఏం చెప్పినా నాకు ఒప్పుదల అన్నాడు. మా వైపు అది చాలా పెద్ద మాట. గుడిలో దీపం వెలిగించి, మాట చెప్పి, దాన్ని చేత్తో ఆర్పితే ఇక తిరుగులేదు. అబద్ధం చెప్పి ఆర్పినవాళ్ల ఇంట్లో మళ్లీ దీపం వెలగదని నమ్మకం. వదినకు ఒక్కడే కొడుకు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తలుపు చాటు నుంచే, "సరే" అంది. నాకు ఛాతీ పొంగింది. నిజానికి భయమేముందని అనుకున్నాను.

వకీలుకు కబురు పెడితే మండిపడ్డాడు. ఆయన కోపాన్ని చూసింది నేను అదొక్కసారే. ఎవరినడిగి ఒప్పుకున్నారు, ఏరు దగ్గర ఆమె ఉందా, చూడనిదాన్ని ఎట్లా చెబుతుంది, ప్రమాణాన్ని అవతలివాడు ఎందుకు కోరుతున్నాడో ఒక్కరైనా ఆలోచించారా అని గద్దించాడు. దేవుడి దగ్గర నిజం చెబుతామంటే వద్దంటున్నాడంటే దానర్థం ఏమిటి? నేను మొహం మీదే అడిగాను, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారని. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత పేషీలో, మేము నోరు తెరవకముందే తనే లేచి, దీపం ముందు ఆ అమ్మ ఏం చెబితే అదే ఇరుపక్షాలకూ ఒప్పుదల అని మున్సిఫ్ ఎదుట రాయించి, గుత్తేదారు వేలిముద్ర కూడా పెట్టించాడు. గుత్తేదారు నవ్వుకుంటూ పెట్టాడు. నిన్నటిదాకా వద్దన్నవాడు ఇవాళ తనే ముందుండి రాయిస్తున్నాడు. పంపకాలు తేలినట్టున్నాయి అనుకున్నాను.

ప్రమాణం రోజు ఆయన ఏరు దాటి మా ఒడ్డుకు వచ్చాడు. నీళ్లంటే ఆయనకు ప్రాణభయం. పుట్టి గుత్తేదారుది కావడం ఇంకో భయం. అందుకని గుత్తేదారు బావమరిదిని తన పక్కనే కూర్చోబెట్టుకుంటే తప్ప ఎక్కనని భీష్మించుకున్నాడు. ఆ బావమరిది చెయ్యి పట్టుకునే దిగాడు. షేర్వానీ సగం తడిసింది, మొహంలో నెత్తురు లేదు. గుళ్లోకి వచ్చి స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. వదినతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అదాలత్ గుమాస్తా కాగితం పట్టుకుని కూర్చున్నాడు. గుత్తేదారు వెనక ఈతవనంలో కల్లు పోసేవాడు నిలబడి ఉన్నాడు. వీడికి ఇక్కడేం పనా అనుకున్నాను.

తడిబట్టలతో వదిన దీపం ముందు నిలబడింది. గుత్తేదారు, "చెప్పమ్మా, నీ మొగడు తాగలేదని చెప్పు" అన్నాడు. వకీలు స్తంభం దగ్గర నుంచి కదలకుండానే గుమాస్తాను అడిగాడు, కాగితంలో ఏం రాసి ఉందో చదవమని. ఆ అమ్మ ఏం చెబితే అది అని గుమాస్తా చదివాడు.

"నేను నా కండ్లతోని చూసింది చెప్త" అంది వదిన. "ఆయనకు తానం పోసింది నేను. దోతి లోపల ఎడమ కాలికి పగ్గం సుట్టుకోని ఉండె. బిగుసుకపోతే కత్తితోని కోసిన. గదే ఇది." కొంగులోంచి తీసి చూపించింది. ఎర్రపోగులతో పేనిన పగ్గం, దాని పొడుగునా గవ్వలు. అంగడి అంగడంతా ఆ గవ్వల పగ్గాలను చూసి వరసలో ముందుకు దారి ఇచ్చేది. అట్లాంటివి గుత్తేదారు ఎద్దులకు తప్ప ఎవరి ఎద్దులకూ లేవు. గుళ్లో అందరి తలలూ ఒక్కవైపే తిరిగాయి. ఆ పగ్గం అన్నాళ్లూ మా ఇంట్లోనే, నేను రోజూ జొన్నలు తీసే గాదెలోనే ఉంది. నాకు తెలియదు. మొదటి రోజు అరుగు మీద నన్ను కూర్చోబెట్టి ఆయన ఆమెకు చెప్పింది ఇదేనట: పగ్గం సంగతి ఎవరికీ చెప్పొద్దు, మీ మరిదికి అసలే చెప్పొద్దు.

గుత్తేదారు మొహం మాడింది గానీ వదల్లేదు. "గదంత ఎందుకు? తాగిండా లేదా, గది చెప్పి దీపమార్పు" అన్నాడు. కల్లు పోసేవాడు అడుగు ముందుకు వేశాడు. అప్పుడు అర్థమైంది నాకు, వాడు ఎందుకు వచ్చాడో. మా అన్న తాగాడు. వదిన తాగలేదంటే వీడు లేచి అబద్ధమంటాడు, తాగాడంటే పంచనామా నిజమవుతుంది. వకీలు వైపు చూశాను. ఆయన ఎవరి కాళ్లూ చూడటం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

వదిన దీపం వైపే చూస్తూ చెప్పింది. "రేవు కాడ నేను లేను. తాగిండో లేదో నేను చూడలే. తాగితే మాత్రం ఏంది? తాగినోన్ని, తాగనోన్ని అందరినీ ఒడ్డుకు చేర్చుటానికే గదా నువ్వు రేవు పట్టింది. మనుషుల నడుమ ఎద్దులనెందుకు ఎక్కిస్తివి?" అరచెయ్యి పెట్టి దీపం ఆర్పింది.

ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఏ మాట చెరిపేయాలని ఇన్ని ఊళ్లు తిరిగిందో, ఆ మాటనే పదిమందిలో వదిలేసింది. నాకు ఏడుపు ఆగలేదు.

వానలు వెనకబట్టాక తీర్పు వచ్చింది. కట్టుబాటుకు విరుద్ధంగా పుట్టిలో పశువులను ఎక్కించినందువల్లే ప్రాణం పోయిందని, పంచనామా చెల్లదని రాశారు. గుత్తేదారుకు ఖైదు పడింది, రేవు చేతులు మారింది. తాగిన మాట అందులో ఉందా అని వదిన అడగలేదు. నేనే వకీలును అడిగాను. లేదని, తను ఉర్దూలో రెండుసార్లు చదివి చూశానని ఆయన చెప్పాడు. నేను కూడా ఇంకొకరి చేత చదివించుకున్నాను. ఆ సంగతి తెలిసి ఆయన మొదటిసారి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. అదే అదనని, ఇప్పటికైనా నా మీద అనుమానం పోయిందా అని అడిగాను. "కోపం లేదు" అన్నాడు. అనుమానం సంగతి ఎత్తలేదు. తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు. ఇన్నేళ్ల మీద ఆలోచిస్తే, నన్ను నమ్మకపోవడం వల్లే ఆ పగ్గం మాకు మిగిలింది. నాకు తెలిసి ఉంటే ఆ కోపంలో అదే రోజు చావడిలో ఊపి చూపించి ఉండేవాణ్ణి. అయినా ఆ ఓహో అనకుండా ఉండాల్సింది. దానికి మాత్రం ఆయన్ని క్షమించలేదు.

ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా తీర్పు రోజు కన్నా ప్రమాణం రోజే ఎక్కువ గుర్తుకొస్తుంది. పొద్దు వాలుతుండగా ఆయన తిరిగి ఏరు దాటాలి. ఈసారి గుత్తేదారు బావమరిది పక్కన కూర్చోవడానికి రాలేదు. ఆయన ఒడ్డున నిలబడి పుట్టిని, నీళ్లను, తెడ్డువాణ్ణి మార్చి మార్చి చూస్తున్నాడు. మేము పుట్టిలో తోడు వచ్చినా మా మీద నమ్మకం కుదురుతుందో లేదో అని నేను వెనకాడుతున్నాను. అన్న పోయినప్పటి నుంచి ఏరు దాటాల్సి వచ్చినప్పుడల్లా నీళ్లు చూడలేక కళ్లు మూసుకునే వదిన చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ముందు ఎక్కి కూర్చుంది. ఆయన ఆమె కాళ్ల వైపు చూశాడు, ఎక్కాడు. నేనూ ఎక్కాను.

ఆయన పుట్టి అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. నడిమి ధారకు వచ్చాక, ఎవరూ అడగకుండా ఏ సంగతీ చెప్పని ఆ మనిషి తనంతట తనే మొదలుపెట్టాడు.

"అమ్మా, నీతోని ఒక మాట దాచిపెట్టిన. నేను ఈతవనంల కూసోని అడిగొచ్చిన. పెయ్య బేరం కుదిరినంక అమ్మినోడు, కొన్నోడు అందరు కల్సి తాగుతరట, గది అంగడి కట్టుబాటు. నీ పెనిమిటి గూడ ఒక ముంత తాగిండు. ఇంకింత పోస్తనంటే, ఇంట్ల ఎర్కయితది ఒద్దన్నడట. రేవుకు పోంగ పోంగ నోట్లె ఏందో నముల్తుండెనంట, జామాకు గావొచ్చు. నీకు వాసన రావొద్దని."

గుళ్లో అంత ధైర్యంగా నిలబడ్డ మనిషి ఇప్పుడు కూలిపోతుందని నేను భయపడ్డాను. మా అన్న కల్లు ముట్టడని ఊరంతా తిరిగి చెప్పింది తనే కదా. ఆమె అంచు మీది నుంచి చెయ్యి జార్చి నీళ్లలో పెట్టింది. నీళ్లు వేళ్ల మధ్య నుంచి పోతుంటే చూస్తూ, చాలా మెల్లగా చెప్పింది.

"జామాకు గాదు సాబ్, వాము. అంగడికి పోయినప్పుడల్ల కడుపునొప్పికని అడుగుతుండె. కండువ కొసకు నేనే మూట గట్టిచ్చేదాన్ని. నాకు ఎర్క లేదనుకునెటోడు, పిచ్చోడు."